కీమోలో జ్వరం వస్తే ‘పొద్దున చూద్దాం’ అనొద్దు

అమెరికాలో పిల్లల దగ్గరుండి కీమో చేయించుకుంటున్న అమ్మానాన్నలు ఒళ్లు వెచ్చబడినా చెప్పరు. అర్ధరాత్రి లేపడమెందుకని టైలినాల్ వేసుకుని పడుకుంటారు. ప్రమాదం అక్కడే. కీమో ఇచ్చాక సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు బాగా తగ్గిపోతాయి. అవి లేకపోతే చీము పట్టదు, వాపూ అంతగా కనిపించదు. ఒక్కోసారి జ్వరమొక్కటే గుర్తు. మాత్ర దాన్నీ దాచేస్తుంది.

థర్మామీటర్ 100.4 చూపిస్తే వెంటనే ఆంకాలజీ నంబరుకు ఫోన్ చేసి ఎమర్జెన్సీకి బయల్దేరండి. కౌంటర్ దగ్గర మొదటి మాటే ‘కీమోలో ఉన్నారు’ అని చెప్పండి. గంటలోపు యాంటీబయాటిక్ పడాలి.

నోరు పూసిందా, కొన్నాళ్లు ఆవకాయ పక్కన పెట్టండి. జలుబుతో పరామర్శకు వస్తామనేవాళ్లకు మొహమాటపడకుండా ఫోన్ చాలని చెప్పండి.