మైపాడు బీచ్‌కి ఫ్యామిలీ ట్రిప్: మీ ఫోన్ ఏం చేయగలదు, ఏం చేయలేదు?

వచ్చే ఆదివారం మేం ఏడుగురం మైపాడు బీచ్‌కి వెళ్తున్నాం. అమ్మ, నాన్న, అక్క, బావ, వాళ్ల పిల్లలు ఇద్దరు, నేను. నెల్లూరు టౌన్ నుంచి పాతిక కిలోమీటర్ల లోపే. "దీనికి ప్లానింగ్ ఏముంది, కారెక్కి పోవడమే కదా" అని బావ అన్నాడు. అమ్మేమో టేబుల్ మీద నేను పరిచిన పవర్ బ్యాంకులు, పౌచ్‌లు చూసి "సముద్రం చూడ్డానికి పోతా ఈ వైర్లన్నీ ఎందుకబ్బయా?" అంది. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. అయినా తొమ్మిదేళ్ల పిల్లాడు, ఐదేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో బంగాళాఖాతం ఒడ్డుకి వెళ్తున్నప్పుడు కాస్త ముందే ఆలోచించుకోవాలి. మనం రివ్యూల్లో రోజూ రాసే ఫీచర్లలో ఏవి అక్కడ నిజంగా పనికొస్తాయో, ఏవి బాక్స్ మీద బొమ్మకే పరిమితమో చూద్దాం.

ముందు రోజు రాత్రి చూడాల్సిన యాప్

చాలామంది వెదర్ విడ్జెట్ చూసి, ఎండ గుర్తు కనిపిస్తే బయల్దేరిపోతారు. బీచ్‌కి అది సరిపోదు. ఆకాశం నీలంగా, గాలి ప్రశాంతంగా ఉన్న రోజు కూడా సముద్రం రెచ్చిపోవచ్చు. ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపాను పుడితే, ఆ అలలు వేల కిలోమీటర్లు ప్రయాణించి, కొన్ని రోజుల తర్వాత మన ఒడ్డుకి ఉప్పెనలా వస్తాయి. కేరళలో దీన్ని 'కల్లక్కడల్' అంటారు, అంటే దొంగ సముద్రం. 2024 మే 6న కన్యాకుమారి జిల్లా తీరంలో ఐదుగురు వైద్య విద్యార్థులు అలల్లో కొట్టుకుపోయి చనిపోయారు. అలాంటి ఉప్పెన అలల గురించి అప్పటికే హెచ్చరిక జారీ అయి ఉంది.

ఆ హెచ్చరికలు ఇచ్చేది మన హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ. వాళ్ల 'సముద్ర' యాప్‌లో అలల ఎత్తు, ఉప్పెన అలల హెచ్చరికలు ఉంటాయి. మత్స్యకారుల కోసం చేసిన యాప్ కాబట్టి డిజైన్ మీద ఎక్కువ ఆశలు పెట్టుకోకండి. సమాచారం మాత్రం సరైన చోటి నుంచి వస్తుంది. మా ప్లాన్‌లో రూల్ ఒకటే: శనివారం రాత్రి నెల్లూరు తీరానికి హెచ్చరిక కనిపిస్తే ట్రిప్ వచ్చే వారానికి మారుతుంది. పిల్లలు ఏడ్చినా సరే.

ఇంకో సెట్టింగ్ కూడా చెక్ చేయండి. 2023లో అందరి ఫోన్లూ ఒకేసారి గట్టిగా మోగి, స్క్రీన్ మీద ఎమర్జెన్సీ అలర్ట్ టెస్ట్ మెసేజ్ వచ్చింది గుర్తుందా? అది సెల్ బ్రాడ్‌కాస్ట్. ఒక్కో నంబర్‌కి విడిగా పంపే ఎస్సెమ్మెస్ లాంటిది కాదు, ఆ టవర్ల పరిధిలో ఉన్న ఫోన్లన్నిటికీ ఒకేసారి చేరుతుంది. నెట్‌వర్క్ బిజీగా ఉన్నా పనిచేయడానికే ఈ పద్ధతి. అప్పట్లో ఆ మోతకి విసిగిపోయి చాలామంది ఆఫ్ చేసేశారు. సెట్టింగ్స్‌లో 'ఎమర్జెన్సీ అలర్ట్స్' అని సెర్చ్ చేసి మళ్లీ ఆన్ చేయండి. 2004 సునామీ తాకిన తీరం ఇది.

ఐపీ68 అంటే సముద్రంలో ముంచమని కాదు

కామెంట్లలో ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. ఐపీ68లో 6 దుమ్ము నుంచి రక్షణకి, 8 నీళ్లలో మునగడానికి. ఎంత లోతు, ఎంతసేపు అనేది కంపెనీయే చెబుతుంది. ఎక్కువ ఫోన్లకి ఒకటిన్నర మీటర్ల లోతులో 30 నిమిషాలు. అయితే ఆ టెస్ట్ ల్యాబ్‌లో, మంచినీళ్లలో, నీళ్లు కదలకుండా ఉన్నప్పుడు చేస్తారు. మైపాడులో నీళ్లు ఉప్పు, పైగా కదులుతూనే ఉంటాయి, వాటిలో ఇసుక కూడా ఉంటుంది. ఉప్పు నీరు ఛార్జింగ్ పోర్ట్‌లోని లోహాన్ని తినేస్తుంది. ఫోన్ పాతబడే కొద్దీ లోపలి సీల్ బలం తగ్గుతుంది, ఒకసారి కింద పడి ఫ్రేమ్ వంగినా అంతే. నీళ్లు వెళ్లి పాడైతే చాలా కంపెనీల వారంటీ వర్తించదు. కాబట్టి లక్ష రూపాయల ఫోన్ అయినా పౌచ్‌లోనే.

పౌచ్ కొన్నాక నేరుగా బీచ్‌కి తీసుకెళ్లకండి. లోపల టిష్యూ పేపర్ పెట్టి, లాక్ వేసి, అరగంట బకెట్ నీళ్లలో ముంచి పైన చెంబు పెట్టండి. టిష్యూ పొడిగా వస్తేనే ఫోన్ పెట్టాలి. పౌచ్‌లో కాస్త గాలి వదిలితే పొరపాటున జారినా తేలుతుంది. తడి చేతులతో, నీళ్లలో టచ్ సరిగ్గా పనిచేయదు కాబట్టి ఫొటోలకి వాల్యూమ్ బటన్ వాడండి.

మాగ్నెట్ ఉన్న కేస్, వెనక రింగ్ ఉన్న కవర్ వాడేవాళ్లకి ఒక మాట. మన తూర్పు తీరం ఇసుకలో నల్లటి బరువైన ఖనిజాలు కలిసి ఉంటాయి. వాటిలో అయస్కాంతానికి అంటుకునేవీ ఉన్నాయి. ఫోన్‌ని ఇసుక మీద పెట్టి తీస్తే వెనక నల్లటి గడ్డంలా అతుక్కుంటుంది. పిల్లలకి చూపిస్తే భలే సైన్స్ పాఠం, స్పీకర్ గ్రిల్‌కి మాత్రం మంచిది కాదు. స్పీకర్ లోపలా మాగ్నెట్ ఉంటుంది మరి. నేను ఆ రోజుకి పాత సిలికాన్ కవర్ వేస్తున్నా.

ఎండ సంగతి. ఐఫోన్ వాడటానికి ఆపిల్ చెప్పే ఉష్ణోగ్రత 35 డిగ్రీల వరకే. నెల్లూరు ఎండాకాలంలో నీడలోనే అది దాటిపోతుంది. కారు డ్యాష్‌బోర్డ్ మీద ఫోన్, పవర్ బ్యాంక్ వదిలి వెళ్లడం అన్నిటికన్నా ప్రమాదం. పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుంటే కొన్ని ఫోన్ల స్క్రీన్ ఒక కోణంలో నల్లగా కనిపిస్తుంది. డిస్‌ప్లే పోయిందని కంగారు పడకుండా ఫోన్ అడ్డంగా తిప్పి చూడండి.

బ్యాటరీ, మ్యాప్, డబ్బులు

పదివేల ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ నుంచి ఫోన్‌కి నిజంగా అందేది సుమారు ఆరువేలే. లోపలి సెల్ 3.7 వోల్టులది, బయటికి 5 వోల్టులకి మార్చేటప్పుడు అంకె తగ్గుతుంది, కొంత వేడిగా పోతుంది. మా నలుగురి స్మార్ట్‌ఫోన్లకి ఒక రోజుకి అదొక్కటి చాలు. నేను టేబుల్ మీద పెట్టిన మూడిట్లో రెండు అమ్మ మాట మీద తిరిగి లోపలికి వెళ్లిపోయాయి.

దారి సులువే అయినా గూగుల్ మ్యాప్స్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి. లొకేషన్ తెలియడానికి డేటా అక్కర్లేదు, ఫోన్ నేరుగా శాటిలైట్ల సిగ్నల్ వింటుంది. కొత్త ఫోన్లలో జీపీఎస్‌తో పాటు మన నావిక్ కూడా ఉంటోంది. ఆ వరుసలో కొత్త తరం శాటిలైట్ ఎన్‌వీఎస్-01 ఇదే తీరంలో దక్షిణాన ఉన్న శ్రీహరికోట నుంచే 2023 మే 29న పైకి వెళ్లింది.

కార్తీక పౌర్ణమి లాంటి రోజుల్లో సముద్ర స్నానాలకి జనం పోటెత్తితే నెట్‌వర్క్ మీద భారం పడుతుంది, యూపీఐ చక్రం తిరుగుతూనే ఉంటుంది. బజ్జీల కోసం, పిల్లల ఆటల కోసం పది, ఇరవై నోట్లు కొన్ని దగ్గర పెట్టుకోండి.

అసలు విషయం: పిల్లల్ని ఎవరు చూస్తారు?

ట్రాకర్ల గురించి చాలామంది అడిగారు. పిల్లల జేబులో బ్లూటూత్ ట్యాగ్ పెడితే సరిపోదా అని. ఆ ట్యాగ్ చుట్టుపక్కల ఫోన్ల సాయంతో తన చోటు చెబుతుంది, అదీ కొంత ఆలస్యంగా. తిరనాళ్ల లాంటి గుంపులో తప్పిపోతే కొంత ఉపయోగం. ఒడ్డున మాత్రం అసలు భయం నీళ్లే, ఉప్పు నీళ్లలో మునిగిన క్షణంలో ఆ రేడియో సిగ్నల్ ఆగిపోతుంది. ఏ వాచీ, ఏ ట్యాగూ అక్కడ మనిషి కంటికి బదులు కాదు. గాడ్జెట్ సైట్‌లో ఈ మాట రాయడం వింతగా ఉన్నా ఇదే నిజం.

అందుకే మేం డ్యూటీ వేసుకున్నాం. బావ, అక్క, నేను ఒక్కొక్కరు 20 నిమిషాలు. డ్యూటీలో ఉన్నవాళ్ల ఫోన్ అమ్మ బ్యాగులో ఉంటుంది. చేతికి స్మార్ట్‌వాచ్, దాంట్లో వైబ్రేషన్ టైమర్ మాత్రమే. టైమర్ మోగాక వాచీ, బాధ్యత రెండూ తర్వాతి మనిషికి. "నాది, నేను చూస్తున్నా" అని నోటితో చెబితేనే మొదటివాళ్లు తప్పుకోవాలి. ముగ్గురూ అక్కడే ఉన్నారు కదా అని ఎవరూ చూడకపోవడమే నాకున్న పెద్ద భయం. పిల్లల మణికట్టు మీద బాల్‌పెన్‌తో నాన్న నంబర్ రాస్తున్నాం. ఆయనది బటన్ ఫోన్, సాయంత్రం దాకా ఛార్జింగ్ పోదు, రింగ్ ఊరంతా వినబడుతుంది.

ఇంకోటి, ఫొటోలకి చోటు ఎంచుకునేటప్పుడు. అలలు విరుగుతున్న వరుసలో మధ్యలో ఒక చోట నీళ్లు ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తాయి. అక్కడే సేఫ్ అనుకుని అందరూ దిగుతారు. ఒడ్డుకి వచ్చిన నీళ్లు తిరిగి లోపలికి లాక్కెళ్లే దారి అదే కావచ్చు. అందులో పడితే ఒడ్డు వైపు ఎదురీదకుండా, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది బయటపడాలి. కంగారులో 112 నంబర్ గుర్తుండాలి.

మనది తూర్పు తీరం. పొద్దున సూర్యుడు సముద్రం మీద ఉంటాడు, మనుషుల ముఖాలు నల్లగా పడతాయి. సాయంత్రం నాలుగు తర్వాత వెలుగు ఊరి వైపు నుంచి వస్తుంది, ముఖాలు బాగా పడతాయి. చిక్కేంటంటే ఆ ఫొటోకి అందరూ అలలకి వీపు తిప్పి నిలబడాలి. కాబట్టి గ్రూప్ ఫొటో పొడి ఇసుక మీదే. కొంచెం వెనక్కి వచ్చి టూ ఎక్స్ జూమ్‌లో తీయండి, సముద్రం దగ్గరగా వచ్చినట్టే కనిపిస్తుంది.

డ్రోన్ తెస్తున్నావా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. లేదు. మీరు తీసుకెళ్లేట్టయితే డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో ముందే చూసుకోండి, జనం తలల మీదుగా మాత్రం ఎగరేయకండి.

ఇంటికొచ్చాక ఫోన్ మీద ఉప్పు తుంపర పడి ఉంటుంది. మంచినీళ్లతో తడిపి పిండిన మెత్తటి బట్టతో తుడవండి, పోర్ట్ కిందికి ఉండేలా మెల్లగా తట్టండి. బియ్యం డబ్బాలో పెట్టొద్దని ఆపిల్ కూడా చెప్పింది, నూకలు పోర్ట్‌లో ఇరుక్కుంటాయి. ఫ్యాన్ గాలికి వదిలేసి, పూర్తిగా ఆరే వరకు ఛార్జర్ పెట్టకండి.