పోర్చుగీసు సత్తార్థక క్రియలు: సేర్, ఎస్తార్, ఫికార్

తెలుగున 'ఉండు' అను క్రియ తెలుపు భావములలో పెక్కింటిని పోర్చుగీసు భాష 'సేర్', 'ఎస్తార్', 'ఫికార్' అను మూడు క్రియలకు పంచి యిచ్చినది. మూడింటికిని 'ఉండుట' యను అర్థము చెప్పదగియున్నను ఇవి పర్యాయపదములు కావు. 'దోఎంతె' యనగా రోగగ్రస్తుడు. 'ఏలె ఎ దోఎంతె' యన్నచో అతడు చిరరోగి యని భావము. ఇచ్చట 'ఎ' యనునది సేర్ క్రియారూపము. 'ఏలె ఎస్తా దోఎంతె' యన్నచో అతడిప్పుడు అస్వస్థుడై యున్నాడు. 'ఏలె ఫికో దోఎంతె' యన్నచో అతడు జబ్బుపడినాడు. ఈ మూడింటిని ఒకే తీరున అనువదించినచో స్వభావము, అవస్థ, పరిణామము అను భేదము లోపించును.

ఈ భేదమునకు మూలము వ్యుత్పత్తియందు కలదు. ఎస్తార్ క్రియకు మూలమైన లాటిను 'స్తారె' సంస్కృత 'స్థా' ధాతువునకు సజాతీయము. నిలుచుట దాని అర్థము. ఫికార్ క్రియ నాటుట, బిగించుట యను అర్థముగల 'ఫీగెరె' నుండి వచ్చినది. సేర్ క్రియ చరిత్ర మరింత విశేషమైనది. 'ఎ' యను వర్తమానరూపము 'అస్తి'కి, 'ఫోయ్' అను భూతరూపము 'భూ' ధాతువునకు సజాతీయములు. 'సేర్' అను మూలరూపమో కూర్చుండుట యను అర్థముగల 'సెదేరె' నుండి, అనగా 'సద్' ధాతు సజాతీయము నుండి ఏర్పడినది. ఆర్ధధాతుకమున 'అస్' ధాతువునకు 'భూ' ఆదేశమగునని పాణిని (2.4.52) విధించుట ఎరిగిన వారికి ఇట్టి ధాతుసమ్మేళనము అపరిచితము కాదు.

సేర్ శాశ్వతమును, ఎస్తార్ తాత్కాలికమును తెలుపునని బోధించుట పరిపాటి. ఈ సూత్రము అవ్యాప్తిదోషదూషితము. మరణము శాశ్వతమే యైనను 'ఎస్తా మోర్తో' (మరణించియున్నాడు) అనియే ప్రయోగము. విందు ఒక్క పూటలో ముగియునదే యైనను అది ఇంట జరుగునని చెప్పుటకు 'ఆ ఫెస్త ఎ ఎం కాజ' యని సేర్ క్రియనే వాడుదురు. నగరము, దేవాలయము మున్నగు స్థావరములు ఎచ్చట నున్నవో తెలుపుటకు ఫికార్ ప్రసిద్ధము. కావున కాలపరిమితి ఇచ్చట ప్రమాణము కాదు. వస్తువు ఏమిటి, ఎట్టిది యని నిరూపించునది సేర్. అది ఏ స్థితియందు నిలిచినదో తెలుపునది ఎస్తార్. ఒక స్థితికి వచ్చుటను, ఒకచోట నిలిచిపోవుటను తెలుపునది ఫికార్.

సేర్, ఎస్తార్ల భేదమును గుర్తించుటకు తెలుగువారికి స్వభాషయందే ఒక సాధనము కలదు. వాక్యమును వ్యతిరేకార్థమునకు మార్చి చూచినచో, సేర్ ఉన్న తావున 'కాదు', ఎస్తార్ ఉన్న తావున 'లేదు' తరచుగా వచ్చును. 'అతడు వైద్యుడు కాడు' అనుచోట సేర్. 'అతడు ఇంట లేడు' అనుచోట ఎస్తార్. పై సూత్రమునకు లొంగని ఉదాహరణములు సైతము దీనికి లొంగును: 'అతడు చనిపోలేదు', 'విందు ఇంటిలో కాదు, తోటలో'.

అయినను ఈ సాధనమునకు హద్దు కలదు. గుణవాచకములయందు తెలుగు తరచుగా 'ఉండు'నే ఆశ్రయించును. వంటకము సాధారణముగా రుచికరమైనదను 'ఎ బోఅ', ఇప్పుడు వడ్డించినది రుచిగా నున్నదను 'ఎస్తా బోఅ' రెండును తెలుగున 'బాగున్నది' యనియే వచ్చును. అట్టిచోట 'ఇది మంచిది' యని నామరూపమున మార్చి, 'మంచిది కాదు' అని పరీక్షింపవలెను. స్వభావమే వివక్షితమైనచో ఆ మార్పు పొసగును. తత్కాలస్థితియే వివక్షితమైనచో 'బాగులేదు' అనుటయే పొసగును. నిఘంటువిచ్చు ఒక్క అర్థముతో తృప్తిపడక, వక్త వివక్షను ఇట్లు విచారించినగాని అనువాదము మూలమునకు న్యాయము చేయజాలదు.