చేనులో దొరికిన నాణెం ఎవరిది?

మా మదరసాలో చదువుకుంటున్న ఒక బాలుడు ఇటీవల చిలుము పట్టిన కంచు నాణెమొకటి తెచ్చి మా ముందుంచాడు. "మౌల్సాబ్! దున్నుతుంటే మా చేనులో దొరికింది. బొమ్మ ఉంది గనుక ఉంచుకోకూడదని, పాత సామాన్లవాడికి అమ్మేద్దామని అబ్బా అంటున్నారు" అన్నాడు.

దాని కాలాన్ని నిపుణులే తేల్చాలి. అయితే మన నేలలో ఇటువంటివి దొరకడం కొత్త కాదు. వనపర్తి జిల్లా వీపనగండ్లలో రోమను బంగారు నాణేలు లభించాయి. నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లిలో 1,500కు పైగా రోమను వెండి నాణేలు బయటపడ్డాయి. తమిళనాడులోని కరూరు, మదురై ప్రాంతాల్లో రోమను కంచు నాణేలు కూడా దొరికాయి. మిరియాలు, ముత్యాలు, సన్నని వస్త్రాల కోసం రోము సొమ్ము ఇటు ప్రవహించిన కాలమది. కృష్ణాతీరంలోని నాగార్జునకొండ శాసనంలో 'దీనారి' అన్న మాట కనిపిస్తుంది. మన 'దీనారు'కూ మూలం రోమను 'దెనారియసే'. అరబ్బుల 'ఫల్స్' కూడా రోమనుల కంచు నాణెం 'ఫొలిస్' నుండి వచ్చినదే.

ఆ నాణేలపై చక్రవర్తుల ముఖాలు, దేవతల రూపాలు ఉండేవి. తిబేరియస్ నాణెం అతన్ని దైవత్వం పొందిన అగస్టస్ కుమారుడని చాటుకుంది. అల్లాహ్ తప్ప ఆరాధ్యుడు లేడని నమ్మే మనకు ఇది అంగీకారం కాదు. అయినప్పటికీ దైవప్రవక్త ముహమ్మద్ (స) కాలంలో అరబ్బు బజార్లలో రోము దీనార్లు, పారశీక దిర్హములే చెలామణి అయ్యేవి. ఖలీఫా అబ్దుల్ మలిక్ హిజ్రీ 77లో బొమ్మలు లేని, కేవలం అక్షరాలున్న దీనారును ముద్రించారు. అంతవరకు ముస్లిములు ఆ నాణేలతోనే కొన్నారు, అమ్మారు, జకాత్ చెల్లించారు. పూజించడం వేరు, వ్యవహరించడం వేరు.

కాబట్టి మేము ఆ బాలునికి చెప్పినదిది: "నాయనా, బొమ్మ సంగతి తరువాత, ముందు హక్కు సంగతి చూడు. పాతిపెట్టిన ప్రాచీన నిధిలో అయిదో వంతు సమాజానికి చెందుతుందని మన ధర్మశాస్త్రం చెబుతుంది. మన దేశంలో 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. దాచడం నేరం."

పాత సామాన్లవాడి త్రాసులో ఆ కంచుకు కొద్దిపాటి రూపాయలే వస్తాయి. కరిగిపోయిన చరిత్ర మాత్రం ఎంత ధర పెట్టినా తిరిగి రాదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో నాగలి పట్టే మన సోదరులకు మా విన్నపమొక్కటే. నేల మీకు చూపినది అమానత్. దానిని యథాతథంగా అప్పగించండి. మన పిల్లలు మన మాటలకన్నా మన చేతులనే చూసి నేర్చుకుంటారు.