పట్టము – పనితనము

కళాశాల విడుచునాటికి యువకునకు పట్టము చేతికి వచ్చును, పనితనము రాదు. వర్గీస్ కురియన్ మదరాసులో యంత్రవిద్యను, అమెరికాలో ఉన్నతవిద్యను ముగించి, 1949లో నేటి గుజరాతులోని ఆనంద్ పట్టణమునకు ప్రభుత్వోద్యోగియై వచ్చెను. అచట పని స్వల్పము, విసుగు అధికము.

ఆ ఊరనే 1946లో త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వమున వెలసిన పాడిరైతుల సహకార సంఘము గలదు. దాని యంత్రములు పాతవి, తరచుగా చెడిపోవుచుండెను. పాలు వేచియుండునా? యంత్ర మాగినచో కొన్ని గంటలలోనే విరుగును; రైతు కష్టము నేలపాలగును. కురియన్ తన విధి కాకున్నను మరమ్మతులకు పూనుకొనెను. మరల మరల బాగుచేసి, తుదకు క్రొత్తయంత్రము కొనుడని సలహా నిచ్చెను. పటేల్ అంగీకరించెను. ఇంతలో ఉద్యోగము మాని వెడలనెంచిన కురియన్‌ను, యంత్రము బిగించువరకైన నిలువుమని కోరెను. అతడు నిలిచెను.

పిదప నేర్చినది ఏ గ్రంథమునను లేదు. వెన్నపాలును బట్టి వెల కట్టవలెను; దూరమందున్న బొంబాయికి పాలు చెడక చేర్చవలెను. చలికాలమున గేదెలు విస్తారముగా పాలిచ్చును. నగర మంతయు కొనదు. మిగిలినది పొడి చేయవలెను. గేదెపాలు అందులకు పనికిరావని విదేశ నిపుణు లనిరి. కురియన్, పాలశాస్త్ర మెరిగిన తన మిత్రుడు దలాయాను రప్పించెను. ఆయన చేసి చూపెను. తనకు రాని పనికి తగినవాని నెన్నుకొనుటయు నేర్పే కదా!

1955 అక్టోబరు 31న నెహ్రూ ఆ పాలపొడి కర్మాగారమును ప్రారంభించునాటికి కురియన్ వయస్సు 33 ఏండ్లు.