నిప్పుకు పగిలే గాజు గుళిక

క్యాప్సూల్ అనగానే మనకి జ్వరమప్పుడు ఇచ్చే మందు గుళికే గుర్తొస్తుంది. మింగకూడని గుళిక కూడా ఒకటుంది. అది గాజుది. లోపల రంగు ద్రవం ఉంటుంది. పెద్ద ఆస్పత్రులు, ఫ్యాక్టరీల్లో కప్పు కింద నీళ్ల గొట్టాలకు బిగిస్తారు. దాని పని మంటలార్పడం!

హైదరాబాద్‌లో మధురానగర్ దాటి జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ వైపు వెళ్తే సినిమా స్టూడియోలు వస్తాయి. సెట్టింగులంటే చెక్క, గుడ్డ, రంగులు. ఇట్టే అంటుకుంటాయి. 2017 నవంబరు 13న అన్నపూర్ణ స్టూడియోలో ‘మనం’ సినిమా సెట్టు కాలిపోయింది. మంట చిన్నగా ఉన్నప్పుడే నీళ్లు పడాలి. మనుషులు లేనప్పుడు ఎవరు పోస్తారు? కప్పున్న భవనాల్లో ఆ పని ఈ గుళికే చేస్తుంది.

ఎలాగంటే: వెదురు కణుపు నిప్పులో పడితే టప్పున పేలుతుంది కదా! లోపలిది వేడికి వ్యాకోచించి, చోటు చాలక బద్దలు కొడుతుంది. ఇదీ అంతే. సన్నని గాజు గొట్టానికి ఒక కొన మూసి, ద్రవం నింపి, చిన్న గాలి బుడగ వదిలి, రెండో కొన మంటతో కరిగించి మూసేస్తారు. వేడెక్కితే ద్రవం పెరిగి బుడగ మాయమౌతుంది. ఇంకా పెరిగితే గాజు పగులుతుంది. అది ఆనించి పట్టుకున్న మూత ఊడి నీళ్లు చిమ్ముతాయి. ఎంత వేడికి పగలాలో ఆ బుడగ సైజుతో నిర్ణయిస్తారు.

రంగు చూసి వేడి చెప్పొచ్చు:
ఆరెంజ్ – 57 డిగ్రీలు
ఎరుపు – 68
పసుపు – 79
ఆకుపచ్చ – 93
నీలం – 141
(అన్నీ సెంటీగ్రేడులో)

మన ఎండలు 45 దాటినా ఎర్ర గుళిక పగలదు. వంటశాలల్లాంటి వేడి చోట్ల ఎక్కువ డిగ్రీలది పెడతారు.

1874లో అమెరికాలో హెన్రీ పార్మలీ వేడికి కరిగే టంకంతో ఇలాంటిది చేశాడు. గాజు గుళికలు 1920ల్లో వచ్చాయి.

సినిమాల్లో ఒక మూల పొగ రాగానే బిల్డింగంతా వాన కురుస్తుంది. అది నిజం కాదు. గుళిక పొగకి పగలదు, వేడికే పగులుతుంది. అదీ వేడి తగిలినదొక్కటే. మిగతావి అలాగే ఉంటాయి.

ఎక్కడైనా ఇది కనిపిస్తే బట్టలు ఆరేయకండి, రంగు పూయకండి. వేడి సరిగా తగలక ఆలస్యమౌతుంది. ట్యాంకులో నీళ్లు లేకపోతే గుళిక పగిలినా దండగే.

మరి గుళికలు లేని హాస్టళ్లలో? అక్కడ కాపలా మనమే. ఇసుక బకెట్లు నిండుగా ఉండాలి. దారిలో పెట్టెలు అడ్డం పెట్టకూడదు. రాత్రి గేటు తాళంచెవి ఎక్కడుంటుందో పిల్లలకీ, వార్డెన్ సారుకీ అందరికీ తెలిసుండాలి. గుళిక నిద్రపోదు. మనం నిద్రపోతాం కదా!