మైకు స్టాండు

గాయకుని కంఠం ఎంత మధురమైనదైనా, పాట నడుమ మైకు మెల్లగా కిందికి జారిపోతే రసభంగం తప్పదు. అందువల్ల స్టాండును ఎన్నుకొనేటప్పుడు దాని మెరుపును గాక నిలకడను పరీక్షించాలి.

స్టాండ్లలో ముఖ్యమైనవి రెండు రకాలు. బరువైన గుండ్రని ఇనుప పీఠం గలది తక్కువ చోటు ఆక్రమిస్తుంది; నిలబడి పాడేవారికి అనువైనది. మూడు కాళ్ళది మడిచి తీసికొనిపోవడానికి తేలిక. దీనికి అడ్డచేయి అమర్చితే, కూర్చుండి వీణ వాయించేవారికి చేరువగా మైకును నిలుపవచ్చు. అయితే చేయి పొడవు పెరిగినకొద్దీ చివరనున్న మైకు బరువు స్టాండును ముందుకు లాగుతుంది. కనుక ఒక కాలిని ఆ చేయి దిశగానే ఉంచాలి.

హరికథకుడు గజ్జెలు కట్టి చిందులు వేసేటప్పుడు వేదిక అదురుతుంది. ఆ అదురు స్టాండు గుండా మైకుకు చేరి ధ్వనిముద్రణలో వినిపిస్తుంది. పీఠం అడుగున రబ్బరు తొడుగులుంటే అది తగ్గుతుంది.

మైకు బిగించే మర సాధారణంగా 5/8 లేదా 3/8 అంగుళాలుంటుంది. మన మైకుకు సరిపోయేదో కాదో చూడాలి. కొనేముందు మైకును బిగించి, చేతిని పూర్తిగా చాచి, కొన్ని నిమిషాలు వేచి ఉండాలి. ఏమాత్రం వంగినా దానిని విడిచిపెట్టాలి. వేదికపై ఎవరి దృష్టికీ రాని స్టాండే మంచి స్టాండు.