సంపాదన ఆమెది, ఖాతా ఎవరిది?

వంట, కుట్టుపని, గోరింటాకు, తజ్వీద్‌తో ఖుర్ఆన్ పారాయణం, పదవ తరగతి లెక్కలు. మన ఇళ్ళలోని స్త్రీలు గడప దాటకుండానే లోకానికి నేర్పుతున్న విద్యలివి. గది మూల ఒక సెల్‌ఫోన్ స్టాండు, దాని పక్కన ఒక దీపం, మధ్యాహ్నం పిల్లలు బడికి వెళ్ళిన తరువాత దొరికే రెండు గంటల తీరిక. ఈపాటి పెట్టుబడితో మొదలైన చానళ్ళు కొన్ని నేడు కుటుంబానికి చెప్పుకోదగిన ఆదాయాన్ని తెస్తున్నాయి. మొదట్లో ఆ ఆదాయం ప్రకటనల నుంచి మాత్రమే వచ్చేది. ఇప్పుడు ప్రేక్షకులే నెలనెలా చందా కట్టి సభ్యులుగా చేరుతున్నారు. మద్యం, జూదం వంటి ప్రకటనలు తమ వీడియోల మధ్య వస్తాయేమోనని బాధపడే సోదరీమణులకు ఈ చందా పద్ధతి మనసుకు నచ్చుతోంది. నేర్చుకునేవారు నేర్పేవారికి నేరుగా ఇచ్చే ప్రతిఫలం ఇది. ఇందులో సందేహానికి తావు తక్కువ.

సంపాదించడం గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. ఆ సొమ్ము చేతికి ఎలా వస్తుంది, ఎవరి చేతికి వస్తుంది అన్న సంగతి మాత్రం మన కుటుంబాలలో తగినంతగా చర్చకు రావడం లేదు. అందుకే ఈ వ్యాసం.

యూట్యూబ్‌నే తీసుకుందాం. 2023 నుంచి అమలులో ఉన్న నియమాల ప్రకారం 500 మంది చందాదారులు, గడచిన 90 రోజులలో 3 వీడియోలు, ఏడాదిలో 3,000 గంటల వీక్షణ ఉన్న చానల్ సభ్యత్వాలు అమ్ముకోవడానికి దరఖాస్తు చేసుకోవచ్చు. ప్రకటనల ఆదాయానికి 1,000 మంది చందాదారులు, 4,000 గంటల వీక్షణ కావాలి. సభ్యత్వపు సొమ్ములో స్థానిక పన్నులు పోగా మిగిలిన దానిలో 70 శాతం చానల్ యజమానికి, 30 శాతం సంస్థకు. సభ్యత్వం నెలకు 199 రూపాయలనుకుందాం. అందులో 18 శాతం జి.ఎస్.టి. కలిసి ఉందనుకుంటే అసలు ధర సుమారు 168 రూపాయలు. దానిలో 70 శాతం 118. వందమంది సభ్యులున్నారంటే చేతికందేది 19,900 కాదు, దాదాపు 11,800. ఈ లెక్క ముందుగా తెలియక, వచ్చే నెల ఖర్చులన్నీ పెద్ద అంకె మీద వేసుకున్న వారున్నారు.

ఆ 11,800 కూడా నేరుగా బ్యాంకుకు రాదు. మొదట యాడ్‌సెన్స్ అనే చెల్లింపుల ఖాతాలో జమ అవుతుంది. అక్కడ 10 డాలర్లు చేరగానే సంస్థ మన చిరునామాకు తపాలా ద్వారా ఒక పిన్ సంఖ్యను పంపుతుంది. దానిని నమోదు చేస్తేనే చిరునామా నిజమైనదని ఒప్పుకుంటారు. పాత డోర్ నంబరు, కొత్త డోర్ నంబరు, 'మసీదు వెనుక సందు' అన్న గుర్తులతో ఉత్తరాలు అందే మన బస్తీలలో ఆ చిన్న కవరు దారి తప్పడం మామూలే. నాలుగు నెలలలోగా ఆ సంఖ్య నమోదు కాకపోతే ఆదాయం నిలిచిపోతుంది. కనుక తపాలా మనిషికి ముందే ఒక మాట చెప్పి ఉంచడం మేలు. నిలువ 100 డాలర్లు దాటిన తరువాత, సాధారణంగా నెలలో 21, 26 తేదీల మధ్య సొమ్ము బ్యాంకుకు బయలుదేరుతుంది. అంతకు తక్కువైతే పై నెలకు పోతుంది. విదేశీ సొమ్మును రూపాయలలోకి మార్చినందుకు బ్యాంకు తన రుసుము తీసుకుంటుంది. బ్యాంకును బట్టి ఈ రుసుములలో తేడా ఉంటుంది కాబట్టి ఖాతా తెరిచే ముందే అడగాలి.

అసలు ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది. ఆ యాడ్‌సెన్స్ ఖాతా ఎవరి పేరిట ఉంది?

మాకు తెలిసిన చాలా ఇళ్ళలో దీనికి జవాబు ఒక్కటే. 'మా ఆయన పేరిట', లేదా 'భాయీ పేరిట'. దీనికి కారణం దురుద్దేశం కాదు. చానల్ తెరిచిన రోజున ఆమెకు పాన్ కార్డు లేదు, బ్యాంకు పాస్‌బుక్ పుట్టింట్లో ఉంది, ఆధార్‌లో పెళ్ళికి ముందున్న పేరు ఉంది. తమ్ముడు కంప్యూటర్ తెలిసినవాడు, అయిదు నిమిషాలలో తన పేరు పెట్టేశాడు. పైగా ఒక వ్యక్తి పేరిట ఒకే యాడ్‌సెన్స్ ఖాతా ఉండాలన్నది నియమం. ఒక ఖాతాకు ఎన్ని చానళ్ళనైనా జతచేయవచ్చు. తమ్ముడికి అప్పటికే తన చానల్ ఉంటే అక్క చానల్‌ను కూడా దానికే తగిలిస్తాడు. ఇద్దరి సొమ్మూ ఒకే మొత్తంగా ఒకే బ్యాంకు ఖాతాలో పడుతుంది. నెలకు రెండు వేలు వచ్చినంతకాలం ఎవరూ పట్టించుకోరు. ఇరవై వేలు రావడం మొదలైన నాడు ఎవరిది ఎంత అన్న మాట వస్తుంది. తమ్ముడికి పెళ్ళయి కొత్త కోడలు ఇంటికి వచ్చాక ఆ మాట మరింత గట్టిగా వినిపిస్తుంది.

స్త్రీ సంపాదన స్త్రీదే అన్న విషయంలో ఇస్లాం ధర్మశాస్త్రంలో రెండో మాట లేదు. అన్-నిసా సూరా 32వ ఆయత్ ఈ సూత్రానికి మూలం. హజ్రత్ ఖదీజా (రజి) వర్తకపు మూలధనం ఆమె సొంతం. దైవప్రవక్త (స) వివాహానికి పూర్వం ఆమె సరుకును తీసుకుని సిరియాకు వెళ్ళిన సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. అంతకన్నా మన విషయానికి దగ్గరైన ఉదంతం హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌వూద్ (రజి) భార్య జైనబ్ (రజి)ది. తన భర్త మీద, తన పోషణలో ఉన్న అనాథల మీద తాను ఖర్చు చేస్తే అది దానంగా చెల్లుతుందా అని ఆమె దైవప్రవక్త (స)ను అడిగించారు. చెల్లుతుంది, బంధుత్వాన్ని నిలిపిన పుణ్యం ఒకటి, దానం చేసిన పుణ్యం ఒకటి, రెండు పుణ్యాలు లభిస్తాయని సమాధానం వచ్చింది. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ హదీసు ఉంది. భార్య సొమ్ము భర్తకు చేరినప్పుడు దానిని దానం అన్నారంటే, అంతకు ముందు అది ఆమె సొత్తుగా గుర్తింపు పొందినట్లే కదా!

'ఒకే ఇల్లు, ఒకే వంట, నీది నాది ఏమిటి?' అని పెద్దలు అడుగుతారు. ఈ మాటలో ఆప్యాయత ఉంది, దానిని మేము కాదనము. ఆమె తన సంపాదన అంతా ఇంటికే పెట్టవచ్చు. అత్తగారి మందులకు, మరిది ఫీజుకు ఇవ్వవచ్చు. కానీ ఇవ్వాలంటే ముందు అది ఆమె చేతిలో ఉండాలి. ఆమె చేతికి రాకముందే ఖర్చయిపోయిన సొమ్మును ఆమె ఇచ్చిందని అనలేము. ఆమె సంపాదించడం మొదలుపెట్టింది గదా అని భర్త మీద ఉన్న నఫఖా బాధ్యత, అంటే భార్యాబిడ్డల పోషణ భారం, ఆమె మీదికి మారదు.

మరో వైపు కూడా చూడాలి. వీడియోను చక్కబెట్టేది తమ్ముడు, సామాన్లు తెచ్చేది భర్త, వ్యాఖ్యలకు జవాబులు రాసేది కూతురు. వారి శ్రమకూ హక్కు ఉంది. దానికి ధర్మశాస్త్రంలో తిన్నని దారులున్నాయి. నెలకు ఇంత అని కూలి మాట్లాడుకుంటే అది ఇజారా. లాభంలో ఇన్నో వంతు అని ముందుగా చెప్పుకుంటే అది భాగస్వామ్యం. ఏదైనా సరే, పని మొదలుకాకముందు ఒక కాగితం మీద రాసుకుంటే తరువాత మనసులు విరగవు. అన్నదమ్ముల మధ్య రాతకోతలేమిటి అని సిగ్గుపడేవారు, అప్పుల విషయంలో రాసుకొమ్మని దివ్యఖుర్ఆన్ ఎంత వివరంగా ఆదేశించిందో ఒకసారి గుర్తు చేసుకోవాలి.

పేరు మార్చడం అసాధ్యమేమీ కాదు. ఒకరి యాడ్‌సెన్స్ ఖాతాను మరొకరికి బదిలీ చేయడం కుదరదు గాని, చానల్‌ను పాత ఖాతా నుంచి విడదీసి ఆమె పేరిట తెరిచిన కొత్త ఖాతాకు జతచేయవచ్చు. ఈ మార్పు 32 రోజులకు ఒకసారి మాత్రమే చేయనిస్తారు కాబట్టి తొందరపడి తప్పు ఖాతాకు తగిలించకూడదు. ముందుగా ఆమె పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా మూడింటిలోనూ పేరు ఒకేలా ఉందా అని చూసుకోవాలి. ఒకచోట 'బేగం', ఒకచోట 'బీ', ఒకచోట 'సుల్తానా' అని ఉంటే విదేశం నుంచి వచ్చిన సొమ్ము వెనక్కి పోయే ప్రమాదముంది. తమ్ముడు పని కొనసాగించడానికి పాస్‌వర్డు ఇవ్వనక్కరలేదు. స్టూడియోలో 'ఎడిటర్' అనుమతి ఇస్తే చాలు. 2021 నవంబరు నుంచి ఆదాయం పొందే చానళ్ళకు రెండంచెల ధృవీకరణ తప్పనిసరి అయింది. ఆ సంకేతం వచ్చే ఫోన్ నంబరు ఎవరి జేబులో ఉంటుందో చానల్ తాళం చెవి కూడా వారి జేబులోనే ఉన్నట్లు.

పేరు పన్నుల దగ్గర కూడా ఎదురవుతుంది. మన చానళ్ళను అమెరికాలోని తెలుగువారు కూడా చూస్తారు. వారి వీక్షణ వల్ల, సభ్యత్వం వల్ల వచ్చిన ఆదాయం మీద అమెరికా ప్రభుత్వం పన్ను కోస్తుంది. డబ్ల్యు-8 బెన్ అనే పత్రం నింపకపోతే మొత్తం ఆదాయం మీద 24 శాతం దాకా కోత పడవచ్చు. అంటే 1,000 డాలర్లు వచ్చి అందులో అమెరికా వాటా 100 మాత్రమే అయినా 240 డాలర్లు పోవచ్చు. పత్రం నింపి, పాన్ సంఖ్య ఇచ్చి, భారత్-అమెరికా ఒప్పందపు రాయితీ కోరితే ఆ 100 మీద 15 శాతం, అంటే 15 డాలర్లతో సరి. ఆ పాన్ ఎవరిదో ఆదాయం వారిదని ఇక్కడి ఆదాయపు పన్ను శాఖ కూడా అనుకుంటుంది. 2025-26 ఆర్థిక సంవత్సరంలో కొత్త పన్ను విధానం కింద 12 లక్షల వరకు ఆదాయానికి పన్ను లేదు. తమ్ముడికి వ్యాపారంలో 10 లక్షలు, అక్క చానల్ మీద 3 లక్షలు వచ్చాయనుకోండి. వేర్వేరుగా ఉంటే ఇద్దరికీ పన్ను సున్న. రెండూ తమ్ముడి పాన్ మీద పడితే 13 లక్షలై, సెస్సుతో కలిపి 78,000 రూపాయల పన్ను. అది ఎవరి వాటాలోంచి కట్టాలి? అక్క ఆదాయం 4 లక్షలు దాటిన నాడు, పన్ను పడకపోయినా ఆమె పేరిట రిటర్ను దాఖలు చేయాలన్నది వేరే సంగతి. ఆ రిటర్నులే రేపు ఆమె వీసాకు, కుట్టు మిషన్లు కొనడానికి ఆధారమవుతాయి.

పేట్రియాన్ వంటి విదేశీ చందా వేదికలలో సంస్థ వాటా తక్కువ. 2025 ఆగస్టు 4 తరువాత చేరినవారికి 10 శాతం, దాని మీద చెల్లింపు రుసుములు. అయితే ఐఫోన్ యాప్ ద్వారా చేరే సభ్యుల నుంచి ఆపిల్ సంస్థ 30 శాతం దాకా తీసుకుంటుంది కనుక బ్రౌజరు ద్వారా చేరమని చెప్పడం మంచిది. గల్ఫ్‌లోను, అమెరికాలోను ఉన్న మనవారికి ఇవి అనుకూలం. ఇక్కడివారికి చిక్కులున్నాయి. 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం నెలనెలా దానంతట అదే కార్డు నుంచి పోయే చెల్లింపులకు ఖాతాదారు ముందస్తు అంగీకారం, 24 గంటల ముందు సమాచారం ఉండాలి. ఆ ఏర్పాటు లేని విదేశీ వేదికలలో మన కార్డులు తిరస్కరణకు గురవుతాయి. పేపాల్ ద్వారా వచ్చిన సొమ్మును మన దేశంలో అక్కడే నిలువ ఉంచుకోనివ్వరు. అది బ్యాంకుకు వెళ్ళవలసిందే. అక్కడా పాన్ అడుగుతారు.

ఈ గొడవలన్నీ ఎందుకని కొందరు సోదరీమణులు వాట్సాప్ బృందం పెట్టి, యు.పి.ఐ. ద్వారా నేరుగా చందా తీసుకుంటున్నారు. ఎవరికీ వాటా పోదు, సొమ్ము వెంటనే వస్తుంది. కానీ చందా కట్టిన అపరిచితుల్లో ఎవరి సొమ్మైనా సైబర్ మోసంలో భాగమని ఫిర్యాదు వస్తే పోలీసుల సూచన మేరకు బ్యాంకు ఖాతాను స్తంభింపజేస్తుంది. ఇంటి అద్దె, పిల్లల ఫీజు ఉన్న ఖాతాలోకి చందాలు తీసుకుంటే ఆ నెల ఇల్లంతా ఆగిపోతుంది. చందాలకు వేరే ఖాతా ఉంచుకుని, ఎవరు ఏ తరగతికి ఎంత కట్టారో పుస్తకంలో రాసుకుంటే నిజం నిరూపించుకోవడం తేలిక.

చందా కట్టినవారి పట్ల అమానత్ కూడా ఉంది. నెలకు నాలుగు పాఠాలని చెప్పి రంజాన్‌లో ఒక్కటే ఇస్తే మిగిలిన మూడింటి సొమ్ము ఎవరిది? ముందే చెప్పి ఆ నెల చందా ఆపడమో, తరువాతి నెలలో లోటు పూడ్చడమో చేయాలి. సభ్యుడు చేరిన సంగతే మరచిపోయి నెలనెలా కడుతూ ఉంటే అది మన అదృష్టమని ఊరుకోవడం మాకు సమ్మతంగా తోచదు. ఆరు నెలలుగా ఒక్క పాఠమూ చూడని వారికి ఒక సందేశం పంపడం ఎంత సేపు?

ఇక జకాత్. 612 గ్రాముల వెండి విలువకు సమానమైన సొమ్ము అప్పులు పోను ఆమె వద్ద ఉండి చాంద్రమాన సంవత్సరం గడిస్తే, నూటికి రెండున్నర చొప్పున చెల్లించవలసినది ఆమే. సొమ్ము తమ్ముడి ఖాతాలో ఉన్న ఇళ్ళలో అక్క తనది కాదనుకుంటుంది, తమ్ముడు అక్కదనుకుంటాడు, పేదల హక్కు మధ్యలో నిలిచిపోతుంది.

బ్యాంకు ఖాతాకు నామినీ పేరు రాసేటప్పుడు కూడా ఒక సంగతి తెలిసి ఉండాలి. మన దేశ చట్టం ప్రకారం నామినీ ఆ సొమ్మును స్వీకరించేవాడే గాని యజమాని కాడు. వారసులందరి తరఫున దానిని ఉంచుకుంటాడు. చానల్ ఉన్న గూగుల్ ఖాతాకు కూడా, చాలాకాలం వాడకపోతే ఎవరికి సమాచారం అందాలో ముందే నమోదు చేసే ఏర్పాటు ఉంది. యజమానురాలు మరణించిన తరువాత కూడా ఆమె వంట వీడియోలను జనం చూస్తూనే ఉంటారు, ఆదాయం వస్తూనే ఉంటుంది. ఆ సొమ్ములో తల్లిదండ్రులకు, భర్తకు, కొడుకులకు, కూతుళ్ళకు ధర్మశాస్త్రం నిర్ణయించిన వాటాలున్నాయి. వాటిని పంచాలంటే అది ఆమెదని చూపే కాగితం ఒకటి ఇంట్లో ఉండాలి.